గుమ్మానికి ఏమీ కట్టని ఇల్లు

మా మేనత్త పోయిందన్న కబురు, ఆమెను ఒక మాట అడిగి రమ్మని నేను పంపిన మనిషే తెచ్చారు. మా కొట్టు గుమస్తాగారు ముందురోజు పొద్దున్నే నరసాపురంలో బయలుదేరి మొగల్తూరు వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చి, లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. "పెద్దమ్మగారు తెల్లారుజామున వెళ్లిపోయారండి" అన్నారు. అదే సమయానికి వంటింట్లోంచి మా అమ్మ "ఏమందట? వేయించమందా, వద్దందా?" అని కేకేసింది. రెండు మాటలూ ఒకేసారి చెవిన పడ్డాయి. దేనికి ముందు బదులు చెప్పాలో తోచక అమ్మ దగ్గరికి వెళ్లి "స్నానాలు చెయ్యాలి, నీళ్లు తోడించు" అన్నాను.

నేను అడిగించిన మాట చిన్నదే. మా పాపకి టీకా వేయించాలా, వద్దా? పాపకి ఇంకా ఏడాది నిండలేదు. ఊళ్లో మళ్లీ అమ్మవారు తిరుగుతోందంటున్నారు. ఇప్పుడు టీకా మందు దూడ ఒంటి మీది పొక్కుల నుంచి తీస్తున్నారట. ఆ మాట విన్నప్పటినుంచి మా అమ్మ "దూడని బాధపెట్టి తీసిన చీము నా మనవరాలికా?" అని అన్నం సరిగ్గా తినడం లేదు. మా ఆవిడ పుట్టింటివైపు ఒక పిల్లవాడు టీకా వేశాక చెయ్యి వాచి, జ్వరం వచ్చి పోయాడు. టీకా లేక పోయిన పిల్లలు ఆ వీధిలోనే ఇంకెందరో ఉన్నారని నేను, ఉంటే మాత్రం వాడు పోలేదా అని ఆవిడ. ఇద్దరం నిజమే చెప్పుకునేవాళ్లం, ఇద్దరం కోపంగా పడుకునేవాళ్లం. చివరికి మా ముగ్గురికీ కుదిరిన మాట ఒక్కటే. అత్త ఏమంటే అది.

ఆమెను ఎరిగినవాళ్లు ఇది విని నవ్వుతారు. మా అత్త ఒక ప్రశ్నకి ఒక జవాబు చెప్పిన మనిషి కాదు. "వాన వస్తుందంటావా అత్తా?" అంటే "రాదురా" అనేది, అంటూనే లేచి ఆరేసిన బట్టలు తీసేది. పనసపండు పండిందా అని ముక్కుతో చూసి "పండలేదు" అనేది, కత్తిపీట మాత్రం తెమ్మనేది. చేతికి ఒక మాట, నోటికి ఒక మాట. చిన్నప్పుడు నాకు అది సరదాగా ఉండేది. పెద్దయ్యాక అదే నా ప్రాణం తీసింది. ఎందుకో చెప్పాలంటే నా ఏడెనిమిదేళ్ల నాటి సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దన్న మనిషి ఇప్పుడు లేదు.

మా అమ్మ పురిటికి వెళ్తూ నన్ను మొగల్తూరులో అత్తకి అప్పగించింది. అక్కడ మావయ్యకి వీధి అరుగు మీద కొట్టు ఉండేది. సముద్రపొడ్డు పాలెంలో చేపలు పట్టే పల్లెవాళ్లకి వలనూలు, ఉప్పు, చింతపండు అమ్మేవాడు. నాకంటే కాస్త పెద్దవాడు, మా బావ, వాళ్లకి ఒక్కడే కొడుకు. నేను వెళ్లిన నెలలోనే పాలెంలో అమ్మవారు పోసింది. పాలెం పడవలు కాలవ రేవులో కట్టకూడదన్నారు. పాలెం మనుషులు ఊళ్లోకి రాకూడదన్నారు. సంత ఆపేశారు. దొరతనం వారి తరఫున టీకాలాయన వస్తున్నాడని దండోరా వేశారు.

అప్పటినుంచి మావయ్య కొట్టు అరుగు ఊరి కచేరీ అయిపోయింది. మావయ్య అన్నిటికీ ఎదురే. "పడవల్ని ఆపుతారు, మనుషుల్ని ఆపుతారు. సముద్రం మీంచి గాలొస్తోందిగా, దానికి కూడా తలుపులేస్తారా?" అనేవాడు. బడిపంతులుగారు అన్నిటికీ అనుకూలం. "గాలికి కాదండి శెట్టిగారూ, మనుషులకి. టీకా వేయించుకుంటే తలుపులే అక్కర్లేదు" అనేవారు. టీకా పేరుతో పిల్లల్ని లెక్కపెట్టి ఓడలెక్కిస్తారని ఒకరు, టీకా వేసిన ఇంటి మీద అమ్మవారు పగబడుతుందని ఇంకొకరు. తమాషా ఏమిటంటే, కట్టుబాట్లని తిట్టిన మావయ్యే కొట్టు మెట్టు దగ్గర సున్నంతో గీత గీయించి, పాలెం మనిషి ఎవరైనా దాటితే గొంతు చించుకునేవాడు. టీకా మంచిదని ఊరందరికీ చెప్పిన పంతులుగారు, టీకాలాయన వచ్చే ముందు తన పిల్లల్ని అత్తారింటికి పంపేశారు. అత్త తలుపు వెనక నుంచి అంతా వినేది. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని నవ్వి, బియ్యం ఏరుకునేది.

టీకాలాయన వచ్చిన రోజు మావయ్య నూలు కోసం నరసాపురం వెళ్లాడు. వీధిలో తలుపులన్నీ బిగించారు. పిల్లల్ని అటకల మీద, ధాన్యపు గాదెల్లో దాచారు. మా అత్త కూడా బావని గాదెలోకి దింపి, "దగ్గావంటే చంపేస్తా" అంది. నేనూ దిగబోయాను. నా రెక్క పట్టుకుని ఆపి, "నువ్వు రా" అంది.

పెరటి దారిన సత్రం అరుగుకి తీసుకెళ్లింది. అక్కడ టీకాలాయన కాక ఒక పల్లె ఆవిడ, ఆమె ఒళ్లో కొడుకు ఉన్నారు. ఆ రోజుల్లో ఒక పిల్లవాడి చేతి మీద టీకా పొక్కు పక్వానికొస్తే, అందులోంచి తీసి ఇంకొకరి చేతికి పెట్టేవాళ్లు. మా కోమటి వీధి తలుపులు బిగించడానికి సగం కారణం అదే. ఎవరి ఒంటిది ఎవరి ఒంట్లోకి? అత్త ఆ పిల్లవాడి చేతి వంక చూస్తూ నిలబడిపోయింది. పల్లె ఆవిడే మాట కలిపింది. "మా వోడి సెయ్యి మంచిదేనండమ్మా. రెణ్ణాళ్లు ఒళ్లు కాలిందంతేనండి. సూడండి, ఎలా నవ్వుతున్నాడో."

అత్త నా చొక్కా చెయ్యి పైకి మడిచింది. కత్తి మొన గీసినప్పుడు నేను అరిస్తే నా కళ్లు మూసింది. ఇంటికి రాగానే నన్ను నూతి దగ్గర కూర్చోబెట్టి నెత్తిన నీళ్లు గుమ్మరించింది, పల్లె పిల్లవాణ్ణి అంటుకున్నానని. టీకా వేసిన చెయ్యి మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకుంది. అదీ మా అత్త. ఆ రెండు పనులూ ఒక్క మనిషి చేసినవే.

మావయ్య తిరిగొచ్చేసరికి నా చెయ్యి వాచింది, జ్వరం తగిలింది. నిజం చెబితే ఇల్లు నిలవదు. టీకా సంగతి ఒకటి, అది ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది రెండోది. అత్త గుమ్మానికి వేపమండలు కట్టి, "పిల్లాణ్ణి అమ్మవారు చల్లగా చూసిందండీ, చేతి మీదే" అంది. మావయ్య వెంటనే స్నానం చేసి వచ్చి, నా మంచం ముందు చేతులు జోడించి "శాంతించు తల్లీ" అన్నాడు. ఏ టీకాని అరుగు మీద తిట్టిపోశాడో, ఆ టీకా పొక్కుకే దండం పెట్టాడు పాపం. ఇంట్లో తాలింపు మానేశారు. నాకు మజ్జిగన్నం, లేత కొబ్బరినీళ్లు. వేపమండలు కట్టిన ఇంటికి ఎవరూ రారు కనక అరుగు కూడా ఖాళీ అయిపోయింది. బావ నా పక్కనే పడుకుని, నాకిచ్చిన కొబ్బరి సగం తినేసి, "నాకూ అమ్మవారు వస్తే బాగుణ్ణురా" అన్నాడు.

వారం తిరిగాక, వేసిన చేతులు చూడటానికి టీకాలాయన మళ్లీ ఊళ్లోకి వచ్చాడు. ఆ పొద్దున అత్త బావకి నీళ్లు పోసి, ఉతికిన చొక్కా తొడిగింది. పండగ కాదు, పేరంటం కాదు. నా జ్వరం తగ్గింది, చెయ్యి మానుతోంది. ఇవాళ వాడి వంతని నాకు అర్థమైంది. మావయ్య పెరట్లోకి వెళ్తే చాలు. కాని ఆయన వీధి గుమ్మంలోనే ఉన్నాడు. టీకాలాయన మా ఇంటి ముందు ఆగగానే "వేపమండలు కనబడటం లేదేంటండీ? అమ్మవారున్న ఇల్లిది" అన్నాడు. టీకాలాయన పైకి మండల వంక చూశాడు, కిటికీలో ఉన్న నా వంక చూశాడు. ఆయనకి తెలుసు. తలుపు వెనక బావ చెయ్యి పట్టుకుని నిలబడ్డ అత్తకీ తెలుసు. ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. టీకాలాయనా మన జిల్లా మనిషే. ఆ గుమ్మం దాటలేక, వేపాకుకి దండం పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత మా బావకి నిజంగానే పోసింది. దక్కలేదు.

పరామర్శకి వచ్చినవాళ్ల మధ్య మావయ్య "మేనల్లుడి ఒంట్లోంచి దిగి నా కొడుకుని ఎక్కింది" అని ఏడ్చాడు. పంతులుగారు "టీకా వేయించి ఉంటే బతికేవాడండి" అన్నారు. అత్త ఆ ఇద్దరి మధ్యనే కూర్చుంది. ఎవరి మాటకీ తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు.

ఆ తర్వాత ఆమె గుమ్మానికి ఏదీ కట్టలేదు. ఉగాదికి మామిడాకులు లేవు, పెళ్లిళ్లకి తోరణం లేదు. కొడుకు పోయిన దుఃఖమన్నారు కొందరు, మావయ్య కూడా పోయాక వైరాగ్యమన్నారు ఇంకొందరు. నేను అడిగితే "గుమ్మానికి నోరుందిరా. ఏది కడితే అది ఊరికి చెబుతుంది. తర్వాత మనం చెప్పినా ఎవరూ వినరు" అంది.

నేను ఎప్పుడు వెళ్లినా మొదట నా చొక్కా చెయ్యి పైకి తోసి, టీకా మచ్చని బొటనవేలితో రాసేది. తర్వాతే మంచినీళ్లు. అలా రాస్తున్నప్పుడు ఒకసారి ధైర్యం చేసి అడిగాను, "ముందు నాకెందుకు వేయించావత్తా?" అని. "నువ్వు అప్పగింతవి నాయనా. వాడు నావాడు. అప్పగింతని ముందు కాపాడుకోవాలి" అంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. కొన్నేళ్లకి మా ఇంట్లోనే మా అమ్మతో ఏదో మాటల్లో, "కొత్తది ఏదైనా కన్నబిడ్డకి పెట్టడానికి చెయ్యి రాదు వదినా, ముందు పక్కవాళ్లకి పెట్టి చూస్తాం" అనడం విన్నాను. అమ్మకి అది వంట సంగతి. నాకు కాదు. ఆ రోజు భోజనం చేయలేదు. నన్ను కాపాడిందా, ముందు నా మీద పెట్టి చూసిందా? రెండూ నిజమేనా? బతికున్నది నేను కనక ఆమె మీద కోపం పెట్టుకోనూ లేను. ఈ సంగతి వింటే టీకా కావాలనేవాళ్లు నన్ను చూపిస్తారు, వద్దనేవాళ్లు నా నుంచే అంటిందని మా బావని చూపిస్తారు. నా వరకు నాకు, వాళ్లిద్దరూ అరుస్తుంటే మధ్యలో కూర్చున్న అత్తే కనబడుతుంది.

అత్త మైల తీరిన మర్నాడు నరసాపురం టీకాలాయన మా వీధికి వచ్చాడు. అడిగేలోపే అత్త పోయిందనుకుని, జవాబు లేకుండానే పాపని ఎత్తుకుని అరుగు మీదికి వెళ్లాను. ధైర్యమై కాదు, ఇంక ఇంట్లో కూర్చోలేక. పాప ఒక్క ఏడుపు ఏడ్చి ఊరుకుంది. మా ఆవిడ పాపని అందుకుని లోపలికి తీసుకెళ్లింది. అమ్మ పెరట్లోకి వెళ్లి వేపమండలు విరుచుకొచ్చి గుమ్మానికి కట్టేసింది. ఆమె మనశ్శాంతి ఆమెదని ఊరుకున్నాను.

గుమస్తాగారు కొట్టు తాళాల కోసం వచ్చి ఆ మండలు చూసి మెట్ల మీదే ఆగిపోయారు. "అయ్యో, బాబుగారూ! పోయినవారి మాట మైల్లో పసిబిడ్డ మీదికి తేకూడదని చెప్పలేదండి. ఆ రోజు సాయంత్రం పెద్దమ్మగారిని అడిగానండి. 'వేయించమను' అన్నారండి. నేను లేచి వస్తుంటే మళ్లీ పిలిచారండి."

"పిలిచి వద్దన్నారా?" అన్నాను. నాకు తెలిసిన అత్త అలాగే అనాలి.

"లేదండి. 'గుమ్మానికి మాత్రం ఏమీ కట్టొద్దను' అన్నారండి. అంతేనండి."

జీవితంలో మొదటిసారి ఆమె రెండు మాటలూ ఒక్క వైపే ఉన్నాయి. నేను తలెత్తి చూశాను. ఎదురింటి ఇల్లాలు చంటివాణ్ణి చంకనేసుకుని మా వాకిలి దాకా వచ్చి, మండలు చూసి, పైట చెంగు పిల్లవాడి ముఖం మీదికి లాగి వెనక్కి తిరుగుతోంది. వీధి చివర టీకాలాయన పెట్టె సర్దుకుంటున్నాడు. ఎత్తుపీట కోసం కూడా చూడకుండా ఎగిరి మండలు లాగేశాను. లోపల అమ్మ అరిచింది. ఆ ఇల్లాలు అలికిడికి ఆగి, ఖాళీ గుమ్మం వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. మెల్లగా మళ్లీ వచ్చి, "పాపకి వేయించారాండీ? చెయ్యి ఒకసారి చూపిస్తారా?" అంది.

మా ఆవిడ పాపని తెచ్చి చొక్కా చెయ్యి పైకి తోసింది. ఇద్దరు ఆడవాళ్లూ ఆ చిన్న చేతి మీదికి వంగారు. నేను వేపమండలు పట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, అక్కడే నిలబడ్డాను.