తెల్ల లైటు వద్దన్న మావయ్య

ఆ సాయంత్రం స్టేజీ మీద మా నాన్నకి కనిపించింది నేనా, మా అమ్మా? పదిహేడో ఏట నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. దీనికి జవాబు తెలిసి ఉండదగ్గ ఒకే ఒక్క మనిషి పోయిన నెల బిలాస్‌పూర్ తోర్వా పేటలో, తన కొడుకు ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మరి లేవలేదు. ఫోన్లో వార్త వినగానే దుఃఖం రాలేదు. ఇక అడగడానికి ఎవరూ లేరన్న సంగతి ముందు తట్టింది. ఏడుపు తర్వాత వచ్చింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు ఆయనది. చుట్టరికం లేదు, వరస కలుపుకుని మావయ్య అనేదాన్ని. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. దసరాలకి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మన తెలుగువాళ్ళు వేసే నాటకాలకి లైట్లు ఆయన చూసేవారు. అక్కడ చప్పట్లు కొట్టినవాళ్ళలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. ఆయన చోటు తెర పక్క చీకట్లో.

హాల్లో ఉన్నవి పాతకాలపు స్పాట్‌లైట్లు. వాటిలో బల్బు పోతే సరైనది వెతికి తేవడం ఆయనకి పండగ పనిలాంటిది. ఒకసారి బోల్తా పడ్డారు కూడా. వాట్లు సరిపోయాయి, హోల్డర్లో బిగిసింది, ఇంకేం కావాలని కొత్త బల్బు వేసేశారు. దాని లోపలి తీగ పాతదాని కన్నా కాస్త పైకి ఉంది. తీగ ఉండాల్సిన ఎత్తులో లేకపోతే వెలుగు దారి తప్పుతుందట. ఆ నాటకమంతా రాజుగారి కిరీటం చీకట్లో ఉండిపోయింది, పొట్ట మాత్రం ధగధగా మెరిసింది. "ఏటి బావా, పట్టాభిషేకం పొట్టకేనా?" అని మా నాన్న ఏడాది పొడుగునా ఏడిపించారు. అప్పటినుంచి పాత బల్బుని తువ్వాలులో చుట్టుకుని గోల్‌బజార్ తీసుకెళ్ళేవారు. కొత్తదాని పక్కన నిలబెట్టి, వంగి, రెండు తీగల ఎత్తూ పోల్చి చూసేవారు. దుకాణదారు విసుక్కుని "సబ్ ఏక్ హీ హై, బాబూజీ" అనేవాడు. "అచ్ఛా? అన్నీ ఒకటే అయితే ఇన్ని డబ్బాలేటి?" అని తెలుగులోనే గొణిగి, ఇంకో డబ్బా విప్పమనేవారు.

హాలోజన్ బల్బులు వచ్చాక గాజుని చేత్తో ముట్టడం మానేశారు. వేలి జిడ్డు అంటితే వేడికి అక్కడే చిట్లుతుందని. ఆయన గుడ్డతో దాన్ని ఎత్తుకునే తీరు చూసి అత్త దెప్పేది: "నా పిల్లల్ని ఒక్కసారైనా ఇలాగ ఎత్తేరా?"

"ఆళ్ళు పడితే ఏడుస్తారు. ఇది ఏడవదు, పోతాది" అనేవారు.

మా అమ్మ ఆ హాల్లో ఒకే ఒక్క నాటకంలో వేసింది. కిటికీ దగ్గర నిలబడి తమ్ముడి కోసం ఎదురుచూసే అక్క వేషం. మరుసటి వేసవిలో జ్వరమొచ్చి పోయింది. నాకప్పటికి ఊహ తెలియదు. ఇంట్లో ఉన్నది పెళ్ళి ఫోటో ఒక్కటే. అందులో అమ్మ తల వంచుకుని ఉంటుంది.

ఎనభైల చివర్లో ఆ నాటకం మళ్ళీ వేద్దామనుకున్నారు. అక్క వేషం నాకిచ్చారు. పోలిక చూసి కాదు. కాలనీ ఆడపిల్లల్లో తెలుగు తడుముకోకుండా చదివేది నేనే.

నాటకం రోజు మధ్యాహ్నం మావయ్య నన్ను స్టేజీ మీద కిటికీ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆ మూల లైటుకి బల్బు పోయింది. ముందు తెల్లగా వెలిగే కొత్త హాలోజన్ వేశారు. చూశారు, ఆర్పారు, చల్లారేదాకా ఆగి తీసేశారు. తువ్వాలులోంచి ఇంకొకటి తీశారు. దాని గాజు లోపల మసి కమ్మి ఉంది.

"ఇదేంటి మావయ్యా, దీని పని అయిపోయినట్టుంది."

"మీ అమ్మ వేసినప్పటిది. తీసి దాచేను. ఇంకా పోనేదు. ఇటు సూడు, గుంటా" అంటూ దాన్ని బిగించి వెలిగించారు.

చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కొత్తదే బాగుంది కదా?"

"తెల్ల లైటు వద్దు. మనిషిని టిక్కెట్ కలెక్టర్ చూసినట్టు చూస్తాది" అన్నారు.

సాయంత్రం తెర లేచింది. నేను కిటికీ వైపు తిరగగానే ముందు వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మా నాన్న లేచి నిలబడ్డారు. నేను నోరు తెరవకముందే బయటికి వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళాక "బాగా చేసేవమ్మా" అన్నారు, నా వైపు చూడకుండా. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. నేను అమ్మలా ఉంటాననడానికి నాకున్న సాక్ష్యం ఆ కుర్చీ చప్పుడు ఒక్కటే. అదీ బల్బు చేసిన పనేనేమో.

చదువు ముగించి ఉద్యోగంలో చేరాక, ఒకసారి తోర్వా వెళ్ళినప్పుడు మావయ్యనే అడిగేశాను. "నిజం చెప్పండి. నాది అమ్మ పోలికా, మీ లైటు అలా చూపించిందా?"

"లైటు ఎక్కడైనా ముక్కు తెచ్చి అతికిస్తాదేటే?" అని నవ్వారు. నా మనసు కుదుటపడింది. ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టారు. ఎవరితోనో అన్నట్టు అన్నారు: "తెల్లది వేసుంటే మీ నాన్న లేచీవాడు కాదేమో."

అంతే. తర్వాత కూరగాయల ధరల గురించి మాట్లాడారు.

మొన్న పరామర్శకి వెళ్తే అత్త లోపల్నుంచి తువ్వాలు మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నీకిమ్మన్నారు. ఏటి చేసుకుంటావో నాకు తెల్దు" అంది. అదే బల్బు. వెలుతురుకి ఎత్తి చూశాను. తీగ తెగలేదు.

ఇప్పుడది నా గదిలో బల్ల మీద ఉంది. ఊరి శివారు మోప్కాలో షామియానాలు అద్దెకిచ్చే దుకాణంలో పాత స్పాట్‌లైట్లు ఇంకా ఉన్నాయని విన్నాను. ఒకటి తెచ్చి అద్దం ముందు కూర్చుంటే తేలిపోతుంది కదా అనుకుంటాను. వెంటనే ఇంకో అనుమానం. నాకిప్పుడు అమ్మ ఎన్నడూ చేరని వయసు. కణతల దగ్గర నెరిసింది. ఆ వెలుగులో ఇంకా అమ్మే కనిపిస్తే, మరి నేనెక్కడ? కనిపించకపోతే, ఆ సాయంత్రం కనిపించింది కూడా నిజం కానట్టేనా? పైగా అంత పాత తీగ, ఒక్కసారి వెలిగి తెగిపోవచ్చు.

పొద్దు వాలే వేళ కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వస్తుంది. తువ్వాలు మడతల్లోంచి మసి పట్టిన గాజు కాస్త మెరుస్తుంది. ఎండ పోయేదాకా దాన్నే చూస్తూ నిలబడతాను. వెలిగించాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.