అరిగిన బ్రేకు రబ్బర్లు

మొన్న ఆదివారం మా అక్కయ్య, బావగారి సైకిలుని పక్కింటి కుర్రాడి చేత తోయించి మా ఇంటికి పంపింది. "తొక్కేవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యరా, నేను చూడలేకపోతున్నా" అని ఫోను చేసింది. బావగారు పోయి ఏడాది దాటింది. సరేనని సైకిలుని వరండాలో నిలబెట్టి దుమ్ము తుడవబోయాను. వేరేవాళ్ళయితే తుడిచి ఊరుకునేవారు. నేను రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. మనిషి నిద్రపోతున్నాడో, నన్ను చూసి నిద్ర నటిస్తున్నాడో కనురెప్పలు చూసి చెప్పగలను. ఏ వస్తువునీ ఊరికే చూసే అలవాటు నాకు లేదు. చక్రం తిప్పాను, బ్రేకు నొక్కాను, వంగి చూశాను. బ్రేకు రబ్బర్లు ఇనుము కనపడేదాకా అరిగిపోయి ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎందుకంటే ఆ సైకిలు బ్రేకులు అరగడానికి వీల్లేదు. అరిగాయంటే బావగారు మా అక్కయ్యతో ఏళ్ళ తరబడి అబద్ధమాడినట్టే.

ఆయనది హనుమాన్ జంక్షన్ దగ్గర ఓ పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. విజయవాడ వచ్చి విత్తనాల వ్యాపారంలో స్థిరపడి, భవానీపురంలో మా పక్క వీధిలోనే ఇల్లు కట్టుకున్నారు. వ్యాపారం మానేశాక షుగరొచ్చింది. డాక్టరు నడవమంటే ఈయన సైకిలు కొన్నారు. మామూలు సైకిలు కాదు, సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. దాంతోపాటు ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల బట్టలు. "వీధి మలుపు దాకా పైన లుంగీ చుట్టుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది" అని అక్కయ్య బతిమాలేది. ఆదివారం తెల్లవారుతూనే గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి వెళ్ళి, రిజర్వు ఫారెస్టులోంచి కోటకి వెళ్ళే ఘాట్ రోడ్డు ఎక్కేవారు. పొద్దున పూట ఆ రోడ్డు మీద పెద్దగా బళ్ళుండవు. అటూ ఇటూ అడవి, అప్పుడప్పుడూ నెమలి కూత, ఎండుటాకుల్లో ఏదో పాకిన చప్పుడు. ఇంటికొచ్చి ఇడ్లీల ముందు కూర్చుని ఆయన ఎక్కడం గురించి ఒక్క మాటలో తేల్చేసేవారు. దిగడం గురించి మాత్రం చట్నీ అయిపోయేదాకా చెప్పేవారు. గాలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయనీ, మలుపులో నేలకి ఒరిగిపోయి మళ్ళీ లేచాననీ చెబుతుంటే, వారం వారం ఆ వేగం పెరుగుతూ పోయేది. పెట్టె మారినప్పుడల్లా కథ మార్చి చెప్పే ప్రయాణికులు నాకు కొత్త కాదు. అయినా ఆయన మా బావగారు కదా, వింటూ ఊరుకున్నాను.

అక్కయ్య ఊరుకోలేదు. ఆవిడకి అనుమానం తెచ్చింది ఓ పువ్వు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏనాడూ ఓ మూర మల్లెపూలు కొని తేని మనిషి, ఆదివారం ఆదివారం చొక్కా జేబులోంచి పసుపు పచ్చటి కొండగోగు పువ్వొకటి తీసి చేతిలో పెట్టడం మొదలెట్టారు. పూలు లేని రోజుల్లో నెమలీకో, గురివింద గింజో తెచ్చేవారు. పొంగిపోవలసింది పోయి మా అక్కయ్య ఆ పువ్వుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఓ ఆదివారం మధ్యాహ్నం బట్టల బ్యాగుతో మా ఇంటికొచ్చేసింది. "గాలిలా దూసుకొచ్చే మనిషికి కింద రాలిన పువ్వు ఎట్టా కనపడిందిరా? కనపడినా, ఒక్క రేకన్నా నలగలేదేంటి? కొండ మీదికెళ్ళట్లేదు మీ బావగారు. ఎవరో కోసి ఇస్తన్నారు. సంగతి తేలేదాకా నేనా గడప తొక్కను" అంది. అలకల మనిషి కాదు మా అక్కయ్య. అందుకే నాకు భయమేసింది. ఈ వయసులో ఆ కాపురానికి ఏమన్నా అయితే అతికించడం ఎవరి తరం?

ఆ సాయంత్రమే పలకరించే నెపంతో వాళ్ళింటికెళ్ళి సైకిలు చూశాను. ఏడాదిగా ఘాట్ రోడ్డు దిగుతున్న సైకిలుకి బ్రేకు రబ్బర్లు కొత్తగా నిగనిగలాడుతున్నాయి. పక్కనే ఆయన బూట్లున్నాయి. వాటి అడుగులు మాత్రం అరిగి కాగితంలా అయ్యాయి. తొక్కేవాడి బూట్లు అంతలా అరగడమేమిటి? అక్కయ్య మాట నిజమేమోనని మొదటిసారి అనిపించింది.

తరవాతి ఆదివారం ఆయన కన్నా ముందే స్కూటరు మీద కొండెక్కి, ఓ మలుపు దగ్గర చెట్టు చాటున నక్కాను. పెద్దమనిషికి తగిన పని కాదు, కానీ బెర్తుల కిందికి వంగి చూసిన నడుం కదా, అలవాటే. కాసేపటికి బావగారు వచ్చారు. సీటు మీంచి లేచి, నోరు తెరుచుకుని, చెమటలు కక్కుతూ, మొండిగా ఎక్కుకుంటూ నా ముందునుంచే వెళ్ళిపోయారు. మధ్యలో ఆగే ఇల్లూ లేదు, పూలు కోసిచ్చే మనిషీ లేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం నిరుత్సాహపడ్డాను. ఇంతలో పైనుంచి హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళు నలుగురైదుగురు రివ్వున దిగిపోయారు. బావగారి జాడ లేదు. పైన ఏదో ఉందన్నమాట అనుకుని లేవబోతుండగా టిక్ టిక్ మని చక్రం చప్పుడు నెమ్మదిగా దగ్గరైంది. చూద్దును కదా, ఆయన నడుస్తున్నారు. సైకిలుని ఎద్దుని తోలుకొస్తున్నట్టు పక్కన పెట్టుకుని, లోయ వైపు చూడకుండా, కొండనానుకుని నడిచి వస్తున్నారు. ఓ చోట ఆగి, రాలిన పువ్వొకటి ఏరి, ఉఫ్ మని దుమ్ము ఊది జేబులో వేసుకున్నారు.

"పంక్చరాండీ బావగారూ?" అంటూ చాటు నుంచి బయటికొచ్చాను.

ఆయన మొహం పాలిపోయింది. సైకిలుని పిట్టగోడకి ఆనించి చతికిలబడ్డారు. "మా వైపు పల్లమంటే ఏంటనుకున్నావయ్యా? కాలవ. కట్ట మీంచి సైకిలు పల్లానికి దిగిందంటే నీళ్ళలోకే. మా సైకిళ్ళకి బ్రేకులు ఎక్కడేడ్చినియ్యి, కాలే బ్రేకు. ఇక్కడ కూడా మొదట్లో అలవాటుకొద్దీ కాలు ఆనించా" అని మోకాలి కింద పెద్ద మచ్చ చూపించారు. "అప్పట్నుంచీ పల్లానికి తొక్కాలంటే భయం. నడిచే దిగుతన్నా. మీ అక్కయ్యకి చెప్పమాక." అక్కయ్య వచ్చేసింది సైకిలు మీద కోపంతో కాదనీ, పువ్వు మీద అనుమానంతోననీ చెప్పాను. ఆయన లేచి సైకిలు అందుకున్నారు. తరవాత తిన్నగా మా ఇంటికొచ్చి, ఆ బిగుతు బట్టల్లోనే హాల్లో నిలబడి, అక్కయ్యకి అంతా చెప్పేశారు.

అక్కయ్య వెంటనే నమ్మలేదు. మా రక్తంలోనే ఉంది ఆ గుణం. "వచ్చే ఆదివారం నేనూ వస్తా. కళ్ళారా చూస్తే గానీ నమ్మను" అంది. ఆటోలో కొండ మీదికెళ్ళి, ఆయన ఎక్కి వచ్చేదాకా కోట దగ్గర కూర్చుని, ఆయనతో కలిసి నడిచి దిగింది. నమ్మకం కుదిరిందా అంటే, ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుంది అంది. ఆ పై ఆదివారమూ వెళ్ళింది. అలా నిఘా వేస్తూనే ఏళ్ళు గడిపేసింది. మధ్యలో సైకిలు, అటొకరూ ఇటొకరూ, మాట్లాడుకుంటూ దిగేవారు.

అందుకే, మొన్న అరిగిన రబ్బర్లు చూసి నేను నిలవలేకపోయాను. ఊరుకుందామని కాసేపు అనుకున్నాను కానీ, అనుమానం నన్ను కూర్చోనివ్వలేదు. నేరుగా అక్కయ్య దగ్గరికెళ్ళి, "బావగారికి సైకిలు మీద కొండ దిగడం వచ్చే ఉండాలే, నీకు చెప్పారా?" అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "తరవాత తరవాత బుధవారాలు కూడా వెళ్ళేవారుగా, ఒక్కరే. ఆ రోజు నాకేమీ తెచ్చేవారు కాదు. తొక్కుకుంటా దిగేవాడికి కింద రాలింది ఏం కనపడుద్ది? అప్పుడే తెలిసిపోయింది."

"మరి నిలదీయలేదా?"

"నిలదీస్తే ఆదివారాలు నడవడం మానేసేవారు కదరా" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కాయలు అందుకుంది.

సైకిలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, మా వరండాలోనే ఉంది. ఉద్యోగమంతా దాచినదాన్ని బయటికి లాగడమే పనిగా బతికినవాణ్ణి. దిగడం వచ్చీ రానట్టు నడిచిన ఆయన్నీ, తెలిసీ తెలియనట్టు నడిచిన ఈవిణ్ణీ పట్టుకోలేకపోయాను. తొక్కితే చిటికెలో అయిపోయే ఆ దారిని వాళ్ళిద్దరూ కూడబలుక్కోకుండానే ఎండెక్కేదాకా సాగదీసుకున్నారు. ఉన్న కాలాన్ని పొడిగించుకోవడానికి మనుషులకి అంతకన్నా మంచి ఉపాయం ఉన్నట్టు నాకైతే కనపడలేదు.