మైకులో తిట్టిన నోటితోనే

ఇవాళ ఫిల్మ్ నగర్ సెట్లో మైకు ఒక్కసారిగా కీచుమంది. కో-డైరెక్టర్ని అయి ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే నా చెవులు వేడెక్కుతాయి. విజయకుమారి గారు గుర్తొస్తారు. నేను అసిస్టెంటుగా చేరినప్పుడు ఆవిడే మా కో-డైరెక్టరు. బక్కపలచని మనిషి, నూలు చీర, గొంతెత్తడం తెలియదు. అయినా ఆవిడ చెయ్యెత్తితే రెండొందల మంది మాటలాపేసేవారు. అదెలాగో నాకు అంతుబట్టేది కాదు. దర్జా అంతా నల్లకళ్లద్దాల్లోనూ గొంతులోనూ ఉంటుందనుకుని మొదటి జీతంతో కళ్లద్దాలు కొన్నాను. గొంతు ఎలాగూ ఉంది.

ఒకరోజు జూబ్లీ హిల్స్ బంగళాలో పెద్దాయన చనిపోయిన సీను. జూనియర్ ఆర్టిస్టుల బస్సు వచ్చి ఆగింది. దిగిన నలభై మంది ఆడవాళ్లూ పట్టుచీరల్లో, తలనిండా మల్లెపూలతో! మైకు లాక్కుని అరిచేశాను.

"బుద్ధుందా మీకు? చావింటికి ఇలాగేనా వచ్చేది?"

ముందు నిలబడ్డ యాదమ్మ, రహమత్ నగర్ నుంచి వచ్చే పెద్దావిడ, ఫోను చూపించింది. "మీరే గద సార్, పెండ్లి సీను, పట్టుచీరలు కట్టుకొని రమ్మన్నరు."

నేను పెట్టిన మెసేజే అది. పెళ్లి సీను వాయిదా పడిందని అందరికీ చెప్పి, వీళ్లకు చెప్పడం మరిచాను. అంతలో డైరెక్టరు వచ్చి, "ఎవరిదీ నిర్వాకం?" అన్నారు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"నాదేనండీ. గంటలో తెల్లచీరలు తెప్పిస్తాను," అన్నారు విజయకుమారి గారు.

డైరెక్టరు విసుక్కుంటూ కుర్చీ వైపు వెళ్లగానే ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చారు. "ఆయన సంగతి నేను చూసుకున్నాను. యాదమ్మ సంగతి నువ్వు చూసుకో. తిట్టింది మైకులోనే కదా? క్షమాపణా అందులోనే."

"మేడమ్, డైరెక్టరు గారు కూడా వింటారు!"

"విననీ."

ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ అదరగొట్టింది. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని మైకు అందుకున్నాను. "యాదమ్మ గారూ, తప్పు నాది. మెసేజ్ మార్చలేదు. క్షమించండి." కుర్చీలో డైరెక్టరు తల తిప్పి నన్నే చూశారు. తర్వాత అటు తిరిగి టీ అడిగారు.

"గింత దానికి గంత పరేషానెందుకు సార్?" యాదమ్మ నవ్వింది. "యాడ నిలబడాల్నో చెప్పుండ్రి."

చెప్పాను, మైకు పక్కన పెట్టి. నలభై మందీ విన్నారు.

ఇవాళ కీచుమన్నది మా కొత్త అసిస్టెంటు చేతిలోని మైకు. అతను ఎవరినో తిట్టబోతున్నాడు. పరుగున వెళ్లి దాన్ని ఆపేశాను. ఆనాటి మెసేజ్ తప్పు నాదని విజయకుమారి గారు ఏనాడూ ఎవరితోనూ అనలేదు. అది నేనే చెప్పుకునే అవకాశం మాత్రం నాకు ఇచ్చారు.