తప్పు స్ఫటికానిది కాదు

నా పీహెచ్‌డీ మూడో ఏడాదిలో మా ల్యాబ్‌కు ఒక జూనియర్ వచ్చాడు. శంకర్‌పల్లి దగ్గరి పల్లెవాడు, స్ఫటికాలు పెంచడంలో నేర్పరి. బిస్మత్, సెలీనియం గాజు గొట్టంలో పెట్టి మూసి, ఫర్నేస్‌లో కరిగించి, రోజుల తరబడి నెమ్మదిగా చల్లార్చి, అద్దంలా మెరిసే ముక్కలు తీసేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు.

ఆ స్ఫటికం వింత వస్తువు. లోపల కరెంటు పారదు, పైపొరలో మాత్రం పారుతుంది. అక్కడ ఎలక్ట్రాన్ ఎటు పోతుందో దాన్ని బట్టే దాని స్పిన్, అంటే చిన్న అయస్కాంతపు ముల్లు లాంటి గుణం, ఎటుండాలో తేలిపోతుంది. అందుకే కుడికి మెలి తిరిగే కాంతిని ఏటవాలుగా వేస్తే ఒక రకం స్పిన్ ఉన్నవే ఎక్కువగా కదిలి, కరెంటు ఒక దిక్కుకు పోతుంది. మెలిని ఎడమకు మారిస్తే కరెంటూ దిక్కు మార్చుకోవాలి. అది చూపించడమే నా థీసిస్.

నాకు మారలేదు. నాలుగు నెలలు, అతను పెంచిన ఏడు స్ఫటికాలు. లేజర్ కాంతికి మెలి ఇచ్చే చిన్న పలకను తిప్పుతూ అన్ని కోణాల్లోనూ కొలవాలి. తొందరలో నేను కుడి మెలికొకటి, ఎడమ మెలికొకటి అని పెట్టుకున్న రెండంటే రెండు గుర్తుల దగ్గరే కొలిచేదాన్ని.

లోపం ఎక్కడుందని గైడ్ గారు మీటింగులో అడిగారు.

"శాంపిల్స్ బాగోలేవండి. పైపొర పాడవుతోంది," అన్నాను. జూనియర్ నా పక్కనే ఉన్నాడు.

బయటికొచ్చాక మెల్లగా అడిగాడు. "పాత పొర పొద్దుగాలనే ఒలిచి కొత్తది తీసిన కదా అక్కా. జర నీ పలక గూడ చూస్తవా?"

"పలకలో ఏముంటుంది? నీ ఫర్నేస్ సంగతి చూసుకో."

మరో రెండు నెలలు ఫర్నేస్ ముందే కూర్చున్నాడు. ఆ ఏడాది సమీక్షలో అతని పని సరిగా లేదని రాశారు. మానేసి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరాడు.

అతను వెళ్లిన మూడో వారం, దుమ్ము తుడుద్దామని పలకను విప్పాను. దాని అంచు మీది అసలు గీతకూ నేను బిగించుకున్న సున్నా గుర్తుకూ నలభై ఐదు డిగ్రీల తేడా. ఇన్ని నెలలూ స్ఫటికం మీద పడింది మెలి లేని కాంతే. సరిచేసి, డబ్బాలో మిగిలిన అతని చివరి ముక్క పెట్టాను. కరెంటు దిక్కు మారింది. మళ్లీ తిప్పాను, మళ్లీ మారింది.

గైడ్ గారితో "అమరిక సరిచేశానండి" అని మాత్రం అన్నాను. పేపర్ చివర కృతజ్ఞతల్లో అతని పేరు ఒక్కసారి వచ్చింది. ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. చేయలేదు.

పోయిన వేసవిలో రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర ఎదురయ్యాడు. నేనూ ఇప్పుడు అక్కడే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. టీ తాగుతూ అతనే అన్నాడు: "నాకు పని సరిగ రాకుండె అక్కా. నీ టైమంత ఖరాబ్ చేసిన."

ఇక ఆగలేక అంతా చెప్పేశాను.

"అయితే మారిందా కరెంటు?"

"మారింది."

"నా ముక్క మీదనే?"

"నీ ముక్క మీదే. నన్ను క్షమించు."

టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అప్పుడే ఒక్క ఫోన్ చేసుంటే మళ్లొచ్చేటోన్ని. ఇగ ఇప్పుడు ఆ పని యాదికి గూడ లేదు."

క్యాబ్ రాగానే వెళ్లిపోయాడు.

ఆ వారమే గైడ్ గారికి జరిగిందంతా రాశాను. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అని జవాబిచ్చారు. ఆ జవాబును అతనికి ఇంకా చూపించలేదు.