ఏలియా బయట కూర్చున్న పన్నెండేళ్లు

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. పాస్టరు రొట్టె విరుస్తాడు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వస్తుంది, వరసల్లో కూర్చున్నవాళ్లంతా తీసుకుంటారు. సరిగ్గా ఆ సమయానికి ఏలియా లేచి బయటికి పోయేవాడు. మెట్ల దగ్గర అందరి చెప్పులూ సర్దుతూ కూర్చునేవాడు. ఎంత వినయమో అని మా ఆడవాళ్లు మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకున్నాను. నా అంత గుడ్డివాడు బెంగుళూరు కాటన్‌పేట మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఏలియా నగర్తపేటలో ఇత్తడి బిందెలకు మెరుగు పెట్టేవాడు. ఎంత రుద్దినా గోళ్లలో నలుపు పోయేది కాదు. పాటల్లో అతని గొంతు ఎప్పుడూ మా అందరికంటే ఒక అడుగు ముందుండేది. తొంభై మూడులో ఒకసారి తాగొచ్చి భార్య హెప్సిబా చెయ్యి విరగ్గొట్టాడు. ఆమె కట్టుతోనే మదనపల్లెకు, పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రెండేళ్లకు అక్కడే కామెర్లతో పోయింది. అతను తాగుడు మానింది ఆమె వెళ్లిన రోజే, కానీ మానేశానని చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు.

సంఘ పెద్దలం కూర్చుని ఆరు నెలలు బల్లకు దూరంగా ఉండమన్నాం. మాలో ఒక పద్ధతి ఉంది. గడువు తీరినా ఎవరంతట వారు రాకూడదు. పెద్దల్లో ఒకరు ఇంటికి వెళ్లి, చెయ్యి పట్టుకుని పిలవాలి. ఆరు నెలలు నిండేసరికి అప్పటి పాస్టరు గారికి బదిలీ అయింది. లారీకి సామాను ఎక్కిస్తూ, "చిన్నప్పా, ఏలియాను నువ్వే పోయి పిలువు," అన్నారు. సరేనన్నాను, మిగతా పెద్దలు ఆ పని నాకే వదిలేశారు. ఆ వారమే నాకు హొసకోటె ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పనిలో పడి మరిచిపోయాను. మరిచిపోవడం ఎంత తేలికో!

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు పూజారులే లేరని గొప్పలు పోతాం. నాలాంటి పెద్దలున్నాక ఇంక పూజారులెందుకు?

రెండువేల ఆరులో ఏలియా మంచం పట్టాడు. ఇత్తడి పొడి ఊపిరితిత్తులను తినేసిందని డాక్టరు చెప్పాడు. జబ్బుపడినవాళ్లకు ఇంటికే వెళ్లి రొట్టె ఇస్తాం కాబట్టి, కొత్త పాస్టరు గారిని తీసుకుని అతని గదికి వెళ్లాను. పక్కింటి మారెమ్మ అతనికి గంజి తాగిస్తోంది. రొట్టె పళ్లెం చూడగానే ఏలియా గోడవైపు తిరిగాడు.

"వద్దయ్యగారూ. పెద్దోళ్లు ఇంకా నన్ను పిల్చలేదు."

పాస్టరు గారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"నేనెన్నిసార్లు చెప్తినో సామీ," అంది మారెమ్మ. "బెంగుళూర్లో చర్చిలకు కరువా, ఇంగోదానికి పోన్నా అని. తప్పు ఈడ జేసి క్షమాపణ ఆడ అడుక్కుంటారా అంటాడు."

నేను మంచం పక్కన మోకాళ్లూనాను. "ఏలియన్నా, నిన్ను పిలవమని అప్పుడే చెప్పినారు. నేనే మర్చిపోయినా."

అతని ఊపిరి ఈలలా వినబడుతోంది.

"అయితే దేవుడు వద్దన్లేదా?"

"లేదన్నా. ఆయన ఎప్పుడూ వద్దన్లేదు."

"పిల్చనిది ఆయనే అనుకుంటిని," అన్నాడు ఏలియా. "అంత కోపంగా ఉండాడేమో అనుకుంటిని."

పన్నెండేళ్లు ఆ మాట లోపల పెట్టుకుని ఒంటరిగా బతికాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. అతని చెయ్యి పట్టుకుని, "రా అన్నా," అన్నాను.

పాస్టరు గారు రొట్టె విరిచి అతనికిచ్చారు. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెంపల మీదుగా నీళ్లు కారి దిండు తడిసింది. పళ్లెం నా ముందుకు వచ్చింది. నేను వెనక్కి జరిగాను. ఏ మొహంతో తీసుకోను? లేచి గుమ్మం వైపు నడిచాను.

"యాడికప్పా?" అన్నాడు ఏలియా. ఆ పీల గొంతులో గద్దింపు ఉంది. "బయట ఎట్లుంటాదో నాకు తెల్సు. నువ్వు పోవద్దు. ఈడ కూకోని తిను."

మంచం మీద కాళ్లు కాస్త పక్కకు జరిపి చోటిచ్చాడు. అక్కడ కూర్చుని తిన్నాను.