రాజమండ్రి లాంచీకి కొల్లేటి బెత్తెడు

ఏలూరు బస్టాండులో పెద్ద బోర్డు పెట్టారు: ‘చారిత్రక రాజమహేంద్రవరంలో నౌకావిహారం’. చదవగానే ఒళ్ళు మండింది. ఏలూరు కాలువలో ధాన్యం పడవలు నడిచిన రోజుల్లో మేం రాజమండ్రికి నీళ్ళ మీదే వెళ్ళేవాళ్ళం. ఆ పడవల మీది పేర్లు కూడబలుక్కునే నేను అక్షరాలు నేర్చుకున్నాను. కాలువని గుర్రపుడెక్కకి అప్పగించి, ఇప్పుడు నీళ్ళ మీద తిరగడానికి టిక్కెట్టా?

అయినా ఆ సంగతి మా చెల్లెలు సుబ్బులుకి ఫోనులో చెప్పాను. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో పనిచేసి పిల్లల్ని పెంచుకున్న మనిషి. ఆమె భర్త కొల్లేట్లో దోనె మునిగి చనిపోయాడు. ఆ రోజు దోనెలో మనుషులు ఎక్కువయ్యారు. అప్పటినుంచి సుబ్బులు పడవ ఎక్కలేదు.

“గోదారి మధ్యలోంచి ఊరు చూడాలనుందన్నయ్యా. నువ్వు చూసి ఫరవాలేదంటే ఎక్కుతాను” అంది.

ఆ మాటతో బరువంతా నా నెత్తిన పడింది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఏలూరులో పాసింజరు ఎక్కాను. వెళ్ళేవారు టైము ముందురోజే కనుక్కోవాలి, మారుస్తుంటారు. తొమ్మిదికి తాడేపల్లిగూడెంలో సుబ్బులు పులిహోర డబ్బాతో ఎక్కింది. ఎదురు సీటులో నల్లజర్ల రైతు ఒకాయన మా మాటలు విని కల్పించుకున్నాడు.

“లాంచీకాండీ? మేం పోయిన నెల వెళ్ళామండీ. మా బాగా ఉంటుంది.”

“లైఫ్ జాకెట్లు ఇచ్చారాండీ?” అంది సుబ్బులు.

“ఇచ్చారమ్మా. తలకింద పెట్టుకుని పడుకున్నాం.”

పెట్టెలో అందరూ నవ్వారు. సుబ్బులు నవ్వలేదు. కొవ్వూరు దాటి రైలు వంతెన మీదకి రాగానే జనం గోదావరిలో రూపాయి బిళ్ళలు విసిరారు. ఆమె డబ్బా గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

పదిన్నరకి గోదావరి స్టేషనులో దిగాం. లాంచీలు ఆగే ఘాటు అక్కణ్ణుంచి నడిచే దూరమే, ఆటోవాళ్ళ మాట నమ్మకండి. దారిలో రోజ్ మిల్క్ తాగాం. లాంచీ టిక్కెట్టు ధర ఇక్కడ రాయను. ఇది మీరు చదివేలోపు పెంచేస్తారు.

పదకొండు గంటల లాంచీ నిండిపోయి ఉంది. ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు. లాంచీ పక్కన బరువుకి హద్దుగా ఎర్రగీత ఉంటుంది, అది నీటికి పైన కనపడాలి. మా కొల్లేటి దోనెలకి గీతలుండవు. అంచుకీ నీటికీ మధ్య చెయ్యి అడ్డంగా పెట్టి చూస్తాం. నాలుగు వేళ్ళు, బెత్తెడు, మిగలకపోతే దోనె కదలదు. వంగి చూశాను. వెనకవైపు ఎర్రగీత లేదు. నీళ్ళలో ఉంది.

సుబ్బులు అప్పటికే ఒడ్డుకీ లాంచీకీ మధ్య వేసిన చెక్క మీద కాలు పెట్టింది.

“ఆగమ్మా!” అని అరిచాను.

“ఎక్కండి బాబాయి గారూ, టైమైపోయింది” అన్నాడు టిక్కెట్లు చింపే మనిషి.

“గీత ఏదయ్యా?”

“కెరటం కప్పిందండీ. మీదే ఊరండీ?”

“కొల్లేరు.”

“అదీ సంగతి! అది చెరువండీ. ఇది గోదావరి.”

“చెరువులో మునిగినవాడు తేలి ఇంటికొస్తాడా?”

అనేశాక నాలుక కరుచుకున్నాను. సుబ్బులు పక్కనే ఉంది. లోపలినుంచి ఎవరో “భయమైతే ఇంటికెళ్ళండి తాతగారూ, మా సండే పాడుచెయ్యకండి” అన్నారు. ఇంజను స్టార్టు చేశారు. నేను ఆ చెక్క మీద కూర్చున్నాను. చెక్క లాగేస్తారో, నన్ను నీళ్ళలోకి తోస్తారో తెలియదు. అయినా లేవలేదు.

సుబ్బులు వచ్చి నా పక్కన కూర్చుంది. గొంతు పెంచకుండా లాంచీలోవాళ్ళతో అంది: “మా ఆయన దోనె దగ్గర కూడా ‘ఇంకొక్కరే, ఇంకొక్కరే’ అన్నారండీ.”

చంటిబిడ్డతో ఉన్న ఒకావిడ లేచింది. మేం దారిచ్చాం. ఆమె వెనక ఆమె వాళ్ళు, తర్వాత ఇంకో కుటుంబం. చాలామంది దిగారు. సండే అన్న కుర్రాడు కూడా దిగాడు, నా మొహం చూడకుండా. లాంచీ మెల్లగా లేచింది. ఎర్రగీత తడితడిగా బయటపడింది.

మధ్యాహ్నం ట్రిప్పుకి మా వంతు వచ్చింది. ఈసారి లెక్కపెట్టి ఎక్కించారు. నేను వంగేలోపే సుబ్బులు మెట్టు మీద మోకాళ్ళు ఆనించి, నీటికీ గీతకీ మధ్య తన చెయ్యి పెట్టింది.

“బెత్తెడుందన్నయ్యా” అని, నా జవాబు కోసం చూడకుండా ఎక్కేసింది. జాకెట్టు ముడులు రెండుసార్లు లాగి చూసుకుంది.

రాజమండ్రిని రోడ్డు మీద చూస్తే హారన్లూ సందులే. నీళ్ళ మీదికి వెళ్ళాక ఊరు వెనక్కి జరిగి, ఘాటు మెట్లు, గోపురాలు, రైళ్ళు నడవడం మానేసిన పాత వంతెన స్తంభాలు, అన్నీ వరసలో నిలబడతాయి. నది కోసం కట్టిన ఊరిని నదిలోంచే చూడాలి. మైకు పట్టుకున్నతను చెప్పిన చరిత్రలో సగం తప్పు. రోజుకి ఒక తగువు చాలని ఊరుకున్నాను.

సాయంత్రం రైల్లో పులిహోర తిన్నాం. వెళ్ళండి, తప్పక చూడండి. టిక్కెట్టు కంటే ముందు గీత చూడండి. తాడేపల్లిగూడెంలో దిగి, సుబ్బులు కిటికీ దగ్గరికొచ్చింది.

“వచ్చే నెల కొల్లేరొస్తానన్నయ్యా. దోనె నువ్వు తొయ్యి. చెయ్యి మాత్రం నేనే పెడతాను.”