కుళ్లిన కాయ నుంచి వెనక్కి

మా నాన్న తిరువూరులో మామిడి వ్యాపారం చేసేవారు. కాయ లారీకెక్కే ముందు నన్ను పిలిచి ఒకటే అడిగేవారు: "సరుకు అక్కడ కుళ్లిపోయి దిగిందనుకో. ఎందుకు కుళ్లిందో చెప్పు." తడిగడ్డి వేశామని, మిట్టమధ్యాహ్నం ఎత్తామని చెప్పేవాణ్ణి. చెప్పిందల్లా అప్పటికప్పుడే సరిచేయించేవారు. "కుళ్లిన కాయ దగ్గర మొదలుపెట్టి చెట్టు దాకా వెనక్కి రావాలిరా" అనేవారు.

ఆ అలవాటు నాకూ అబ్బింది. ఎవరి పెళ్లి మాటలు జరుగుతున్నా వంటవాడు రాకపోతే ఏంటని అడిగేవాణ్ణి. "మీ నోట శుభం పలకదా అండీ?" అని మా ఆవిడ విసుక్కునేది.

పోయినేడాది ఆమెకు విజయవాడలో గుండె ఆపరేషన్ చేయాలన్నారు. నేను కాగితం తీసుకుని పైన 'ఆపరేషన్ ఆగిపోయింది' అని రాసుకున్నాను. ఎందుకు ఆగుతుంది? రక్తం దొరక్క. ఇద్దరు మేనల్లుళ్లను వెంటబెట్టుకున్నాను. మైలవరం దాటాక కారు చెడిపోయి. వెనకే రెండో కారు మాట్లాడాను. ఆమె పొరపాటున కాఫీ తాగేసి. ఆ పొద్దున ఇంట్లోకి పాలే రానివ్వలేదు. ముందురోజు పక్కనే ఉన్న నెమలి ఊరి గుడికి వెళ్లొద్దామంది. జనంలో జలుబు పట్టుకుంటే వాయిదా వేస్తారని వద్దన్నాను. థియేటర్లోకి బంగారం రానివ్వరు, మంగళసూత్రం తీయనని పట్టుబడితే? పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టించి జేబులో పెట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక ఆ తాడు ఆమె చేతికిచ్చాను.

"మీరే కట్టండి" అంది.

"నువ్వు వేసేసుకో. ఇంకా సంతకాలున్నాయి, టైమైపోతోంది."

"భయంగా ఉందండీ."

"రిపోర్టులన్నీ ఫైల్లోనే ఉన్నాయి" అన్నాను.

ఆపరేషన్ అనుకున్న టైముకే మొదలైంది. ఆమె లోపలే పోయింది.

మేనల్లుళ్లు ఏడుస్తుంటే నేను అంబులెన్సు మాట్లాడాను, దారిలో ఆలస్యమైతే ఎలా అని ఐసు చెప్పాను. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. పూటకింత తింటున్నాను, ఉప్పుందో లేదో తెలియదు. చుట్టాలు గుండె రాయి చేసుకున్నాడంటారు. నేను చేసుకున్నదేమీ లేదు, లోపల అసలేమీ తెలియడం లేదు.

మొన్న బీరువాలో ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కవరు కనబడింది. పసుపుతాడు అందులోనే ఉంది, ముడి పడలేదు. పక్కనే నా కాగితం. కింది నుంచి పైకి చదివాను. తాడు, జలుబు, కాఫీ, కారు, రక్తం. ఆమెకు భయం వేస్తే ఏం చేయాలో ఎక్కడా రాసుకోలేదు.